ఆరో వారం ఫోటో

నా పేరు మార్తమ్మ. మాది మెదక్ పక్కన ఒక ఊరు. ముప్పై ఆరేళ్ళు నర్సుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ముఖాల ఆపరేషన్ల దగ్గరే. మొన్న ఒక నర్సింగ్ స్కూలు వాళ్ళు ఇంటికొచ్చి, "కాస్మెటిక్ క్లినిక్కుల్లో చేరే పిల్లల కోసం మీ అనుభవాలు రాసివ్వండి మేడమ్" అని అడిగారు. ఓర్పు, సేవ, చిరునవ్వు అని నాలుగు మంచి మాటలు రాస్తానని అనుకుని ఉంటారు. అలాంటివి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నాకు కోపం ఉంది. రిటైరై ఇన్నేళ్ళైనా అది చల్లారలేదు. అందుకని కోపంగానే రాస్తాను.

ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. డాక్టరు ఎదురుగా అడగరు. డాక్టరు గది దాటాక, మీరు బీపీ పట్టీ కడుతున్నప్పుడు, గొంతు తగ్గించి అడుగుతారు. "సిస్టర్, ఇది ఎన్నేండ్లు ఉంటది?" అని. డాక్టరు అప్పటికే ఏదో అంకె చెప్పి ఉంటాడు. ఆ అంకె నిజమో కాదో మీ ముఖంలో వెతుక్కుంటారు. మీరు తల ఊపితే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. నేను ఒకసారి తల ఊపాను, నోటితో కూడా చెప్పాను. ఈ వ్యాసమంతా దాని గురించే.

నుమాయిష్ కార్డులు

మొదట నేను పనిచేసింది నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక ధర్మాసుపత్రిలో. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ వార్డంటే కాలిన ముఖాలు, చీలిన పెదవులు, కుక్క కరిచిన చెంపలు. అందం మాట అక్కడ ఎవరూ ఎత్తేవారు కాదు. అన్నం కింద పడకుండా తినగలిగితే చాలు, నలుగురిలో కొంగు అడ్డం పెట్టుకోకుండా కూర్చోగలిగితే చాలు అనుకునేవాళ్ళు వచ్చేవాళ్ళు.

ఆ వార్డు సర్జన్‌ను అందరం పెద్దసారు అనేవాళ్ళం. మహా కోపిష్టి. కత్తెర ఒక క్షణం ఆలస్యంగా అందిస్తే మా పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వేవాడు. ఆయన తిట్లు నేను ఎప్పుడో మరిచిపోయాను, ఆయన పెట్టిన ఒక పద్ధతి మాత్రం మరవలేదు. ప్రతి పేషెంటూ ఏడాదికొకసారి వచ్చి ముఖం చూపించి పోవాలి. రమ్మంటే పల్లెల నుంచి ఎవరొస్తారు? దానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. జనవరిలో నాంపల్లిలో నుమాయిష్ అని పెద్ద ఎగ్జిబిషన్ పెడతారు కదా, జిల్లాల నుంచి జనం పిల్లాజెల్లాతో దిగుతారు. డిసెంబరులో మేము కూర్చుని పాత రిజిస్టరు చూసి పోస్టుకార్డులు రాసేవాళ్ళం. "మీ ముఖానికి ఆపరేషన్ జరిగి ఇన్నేళ్ళైంది. నుమాయిష్‌కు వచ్చినప్పుడు వార్డుకు వచ్చి ముఖం చూపించి పోగలరు." అంతే, రెండు ముక్కలు.

వచ్చేవాళ్ళు. చేతిలో మిఠాయి పొట్లంతో, గాలిబుడగలు పట్టుకున్న పిల్లలతో వరండా నిండిపోయేది. పెద్దసారు ఒక్కొక్కరినీ కిటికీ పక్కన అదే స్టూలు మీద, అదే గోడకు ఆనించి కూర్చోబెట్టేవాడు. బొట్టు తీయించేవాడు, కమ్మలు తీయించేవాడు, నవ్వొద్దనేవాడు. నేను ఫోటో తీసేదాన్ని. తరువాత పాత ఫోటోలు వరసగా పక్కన పరిచి చాలాసేపు చూసేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "సార్, కుట్లు మంచిగ మానినై కద, ఇంక ఏం చూస్తున్నరు?" అని.

"కుట్లు మానుడు పది దినాల పని సిస్టర్," అన్నాడు. "నేను చేసిన పని నిలబడ్డదా లేదా అన్నది పదేండ్లకు తెలుస్తది. చూడకపోతే నాకెట్ల తెలుస్తది?"

తొంభైల మొదట్లో పెద్దసారు రిటైరయ్యాడు. ఆ వార్డు మూసేశారు.

మల్లెపూలు, పట్టుచీర

నేను అబిడ్స్‌లో ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో చేరాను. చెప్పుల షాపు పైన రెండో అంతస్తు. అద్దాల తలుపు, ఏసీ, గోడకు ఇత్తడి పలక మీద క్లినిక్ పేరు, కింద పెట్టిన సంవత్సరం. నేను చేరేసరికి పెట్టి ఏడాది దాటింది. డాక్టరు పేరు రాయను. మనిషి మెత్తనివాడు, ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడలేదు. మొదట్లో నాకు స్వర్గంలో పడ్డట్టే ఉండేది. తిట్టని బాసు కంటే ఏం కావాలి అనుకున్నాను.

అక్కడా ఫోటోలు నేనే తీసేదాన్ని. ఆపరేషన్‌కు ముందు ఒకటి, తరువాత ఒకటి. ముందు ఫోటోకు పేషెంటును నెత్తి మీద ట్యూబ్‌లైటు పడేలా నిలబెట్టమనేవాడు. జుట్టు విప్పి, బొట్టు లేకుండా, గడ్డం కిందికి దించి. ఆ వెలుతురులో నేను నిలబడ్డా పదేళ్ళు పెద్దదానిలా కనబడేదాన్ని. తరువాతి ఫోటో ఆరో వారంలో. ఆ రోజు పట్టుచీర కట్టుకుని రమ్మని చెప్పేవాళ్ళం. మొజంజాహీ మార్కెట్ నుంచి మల్లెపూలు నేనే తెచ్చేదాన్ని. ఎదుటి నుంచి ఫ్లాష్, గడ్డం కొంచెం పైకి, మంచి నవ్వు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన ఆల్బమ్‌లో పెడితే చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు.

ఆరో వారమే ఎందుకో నాకు చాలాకాలం తట్టలేదు. అప్పటికి కమిలిన మచ్చలు పోతాయి గాని లోపలి వాపు పూర్తిగా పోదు. ఆ కొద్దిపాటి వాపు చర్మాన్ని లోపలి నుంచి నింపి పెడుతుంది, సన్నని ముడతలు కనబడవు. ముఖం దాని జీవితంలో అంత నిండుగా మళ్ళీ ఎప్పుడూ ఉండదు. మేము ఫోటో తీసింది సగం ఆపరేషన్‌ను, సగం వాపును. ఫోటో తీశాక ఫైలుకు నాడా కట్టి అటక మీదికి ఎక్కించేవాళ్ళం. ఆ తరువాత ఆ మనిషిని ఎవరూ పిలిచేవారు కాదు. పెద్దసారు దగ్గర అన్నేళ్ళు పనిచేసిన నాకు అదొక లోటని తోచలేదంటే నన్ను ఏమనాలి? ఏసీ గాలికి బుర్ర కూడా చల్లబడ్డట్టుంది.

సుగుణ గారి లెక్క

క్లినిక్ పెట్టిన నాలుగో ఏట సుగుణ గారు వచ్చారు. సుల్తాన్ బజార్ వెనుక పాత ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాడు. అబిడ్స్‌లోనే ఒక హోటల్లో రిసెప్షన్ కౌంటరు దగ్గర ఉద్యోగం. తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు, ఎవరు ఏ భాషలో వస్తే ఆ భాషలో నవ్వుతూ మాట్లాడేది. ఏటేటా వచ్చే వ్యాపారులు గది అడిగే ముందు "సుగుణమ్మ ఉందా?" అని అడిగేవాళ్ళట. ఆ కౌంటరంటే ఆమెకు ప్రాణం.

అప్పటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. హోటల్‌కు కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన నెలలోనే, "కౌంటర్ మీద ఫ్రెష్ ఫేసులు కావాలె" అన్నాడట, ఆమె ముందే.

"రిటైర్మెంట్‌కు పదేండ్లున్నయి డాక్టర్ సాబ్," అందామె. "గా పదేండ్లు నా కుర్సీల నేను కూసోవాలె. గంతే నాకు కావల్సింది."

డాక్టరు అద్దం ఆమె చేతికిచ్చి, రెండు వేళ్ళతో చెంపలు చెవుల వైపు లాగి చూపించాడు. నిజంగానే ఆమె ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "పదేండ్లు ఫికర్ చేయకున్రి," అన్నాడు. పది అడిగింది, పది ఇచ్చాడు. పన్నెండు అడిగితే పన్నెండు ఇచ్చేవాడేమో.

తరువాత పక్క గదిలో నేను బీపీ చూస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. "సిస్టర్, మీరు దేవుని బిడ్డ లెక్కున్నరు. నిజం చెప్పున్రి. పదేండ్లు ఉంటదా?"

"ఉంటదమ్మా," అన్నాను. "సారు మస్తు మందికి చేసిన్రు."

మస్తు మందికి చేసిన మాట నిజమే. పదేళ్ళ తరువాత వాళ్ళలో ఒక్కరినైనా చూశానా? చూడటానికి క్లినిక్ పుట్టి నాలుగేళ్ళు. ఈ చిన్న లెక్క నాకూ రాలేదు, ఆమెకూ రాలేదు. డాక్టరుకు వచ్చే ఉంటుంది.

ఆపరేషన్‌లో పరికరాలు అందించింది నేనే కాబట్టి ఏం జరిగిందో నాకు తెలుసు. చెవి ముందు నుంచి వెనక్కి కోసి, చర్మాన్ని లేపి, లాగి, ఎక్కువైనది కత్తిరించి కుట్టేశాడు. చర్మం కింద కండరాన్ని పట్టుకుని ఒక పొర ఉంటుంది. దాన్ని కూడా పైకి లాగి బిగిస్తే బరువు ఆ పొర మీద పడుతుంది, పని ఎక్కువ కాలం నిలుస్తుంది. దానికి సమయం పడుతుంది, ముఖంలో కదలికలిచ్చే నరాల దగ్గర పని కాబట్టి చెయ్యి తిరిగి ఉండాలి. మా డాక్టరు ఆ పొర జోలికి పోలేదు. బరువంతా చర్మం మీదే వేశాడు. లాగి కట్టిన చర్మం సాగుతుంది, సాగకుండా ఎలా ఉంటుంది? పెద్ద పుస్తకాల్లో రాసిన ఏళ్ళు ఆ పెద్ద ఆపరేషన్‌వి. ఈయన చేసింది చిన్నది, చెప్పిన ఏళ్ళు పెద్దదానివి. దీన్ని నేను మోసమనే అంటాను.

ఆరో వారం సుగుణ గారు వంకాయ రంగు పట్టుచీరలో వచ్చారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆల్బమ్‌లో మొదటి పేజీ ఆమెదే. హోటల్లో ఆమె బెంగళూరులో చుట్టాల ఇంటికి పోయొచ్చానని చెప్పుకుంది. అంతా నమ్మారు, బెంగళూరు నీళ్ళు బాగా పడ్డాయన్నారట.

నేను రాసిన కార్డు

మూడేళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం సుల్తాన్ బజార్‌లో దుప్పట్లు బేరం చేస్తుంటే మా ఆల్బమ్‌లో ఉన్న ఒకావిడ ఎదురుపడింది. మొదట గుర్తుపట్టలేదు. దవడ కింద చర్మం మళ్ళీ వేలాడుతోంది. ఆవిడ నన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకుని పోయింది. తప్పు చేసినవాళ్ళలా ఆమె తప్పుకుపోతుంటే దుప్పట్లు అక్కడే వదిలేసి వచ్చేశాను. తప్పుకోవాల్సింది నేను కదా!

మర్నాడు డాక్టరును అడిగాను. "సార్, పాత పేషెంట్లను ఒకసారి పిలుద్దామా? ఎట్లున్నరో చూద్దాం."

ఆయన నవ్వాడు. "ఎందుకు సిస్టర్? కూసోబెట్టి కంప్లెయింట్లు ఇందామా?"

ఒళ్ళు మండిపోయింది. డిసెంబరు నెల. పెద్దసారు గుర్తొచ్చాడు. డాక్టరు లేనప్పుడు అటక ఎక్కి, మూడేళ్ళు దాటిన ఫైళ్ళు దించి, అడ్రసులు ఎక్కించుకున్నాను. నా సొంత డబ్బుతో పోస్టుకార్డులు కొని, అలవాటైన రెండు ముక్కలు రాశాను. "మీ ముఖానికి ఆపరేషన్ జరిగి మూడేళ్ళైంది. నుమాయిష్‌కు వచ్చినప్పుడు ముఖం చూపించి పోగలరు." కింద క్లినిక్ అడ్రసు. జీపీఓ డబ్బాలో వేసి, చాలా గొప్ప పని చేసినట్టు ఇంటికి నడిచొచ్చాను.

పిల్లలూ, నేను చేసిన పిచ్చిపని మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం వారం దాకా అర్థం కాలేదు. చీలిన పెదవి ఊరంతటికీ తెలుసు. అది బాగైందని ఊరంతటికీ చూపించుకుంటారు. వాళ్ళకు పోస్టుకార్డు రాయొచ్చు, పోస్టుమేన్ చదివితే సంతోషిస్తాడు. అందం కోసం చేయించుకున్నవాళ్ళు కట్టుకున్నవాడికి కూడా చెప్పరు. వాళ్ళ రహస్యాన్ని విప్పి, కవరైనా లేకుండా, ఇంటింటికీ పంపాను. ఒకావిడ భర్త ఫోన్ చేసి డాక్టరును బూతులు తిట్టాడు. ఒకావిడ కార్డును చించి, ఆ ముక్కల్నే కవరులో పెట్టి తిరిగి పంపింది.

సుగుణ గారి ఫైలులో ఉన్నది హోటల్ అడ్రసు. అత్తింటివాళ్ళకు తెలియకూడదని ఆమె కావాలనే అది ఇచ్చింది.

పెట్టి ఏడేళ్ళు

కార్డు పట్టుకుని ఆమె పట్టపగలు క్లినిక్‌కు వచ్చింది. నేను కుట్ల ట్రే సర్దుతున్నాను.

"గీ కార్డు ఎవరు రాసిన్రు?" అంది.

"నేనే అమ్మా," అన్నాను.

"మా మేనేజర్ చేతిల పడ్డది. కౌంటర్ కాడ అందరి ముంగట చదివిండు. 'మేడమ్, మీరు గూడ రిపేర్ చేయించుకున్నరా?' అని అడిగిండు సిస్టర్. పోరగాండ్లు నవ్విన్రు. ఇరవై ఏండ్ల సంది నేను పని నేర్పిన పోరగాండ్లు!"

కిటికీ వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. మూడేళ్ళలో చెంపలు దిగిపోయాయి, నోటి పక్క గీతలు మళ్ళీ వచ్చాయి. దానికంటే ఘోరం చెవులు. చర్మం బరువంతా లాగి లాగి చెవితమ్మెను కిందికి దించి చెంపకు అతికించేసింది. కమ్మ పెట్టుకుంటే ముందుకు వంగి చెంపకు గుచ్చుకుంటుంది. అందుకే ఆమె చెవుల మీదికి జుట్టు దువ్వుకుంది. నేను మాట్లాడబోతుంటే డాక్టరు లోపలికి పిలిచాడు.

ఆయన ఆమె ముఖం వైపు సరిగా చూడను కూడా లేదు. "సిస్టర్, ఆల్బమ్ తే," అన్నాడు. మొదటి పేజీ తీసి బల్ల మీద ఆమె ముందు పెట్టాడు. మల్లెపూలు, వంకాయ రంగు పట్టుచీర.

"చూడున్రి. మేము మీకు ఇచ్చింది గిది," అన్నాడు మెత్తగా. "దీన్ని మీరు గిట్ల చేసుకొచ్చిన్రు. ఎండల తిరిగిన్రా? బరువు తగ్గిన్రా? ఫికర్లు ఎక్కువైనయా?"

నేను తీసిన ఫోటో! నేను తెచ్చిన పూలు! వాటినే ఆమె మీద నేరం మోపడానికి సాక్ష్యంగా పెట్టాడు. వాపు తగ్గడం ఆమె తప్పు, చర్మం సాగడం ఆమె తప్పు, మూడేళ్ళు బతికి ఉండటం కూడా ఆమె తప్పే.

"ఎండనా?" అంది సుగుణ గారు. "పొద్దుందాక ఏసీల కూసుంట సార్ నేను." ఆల్బమ్‌ను ఆయన వైపు తోసింది. "సరే, నేనే ఖరాబు చేసుకున్న. ఖరాబు చేసుకోనోళ్ళు ఉంటరు కద. ఆపరేషనై పదేండ్లైన మనిషిని ఒక్కదాన్ని చూపియ్యున్రి. ఎట్లుంటదో నేను గూడ చూస్త."

డాక్టరు పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలో ఆరో వారమే. ఆల్బమ్ మూశాడు. "పుస్తకాల్ల ఉన్నది మేడమ్, పదేండ్లని."

ఆమె లేచి గోడకున్న ఇత్తడి పలక దగ్గరికి పోయి వేలు పెట్టి చదివింది. "మీరు దుకాణం పెట్టే ఏడేండ్లాయె. నాకు చెప్పిననాడు నాలుగేండ్లు. పదేండ్లు ఎవర్ని చూసి చెప్పిన్రు సార్?"

ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్పున్రి సిస్టర్. మీరు గూడ ఔ అన్నరు కద."

నేను తల దించుకుని బల్ల మీది ఆల్బమ్ చేతిలోకి తీసుకున్నాను. డాక్టరు గొంతు సవరించుకుని, "ఇంకోసారి జర టైట్ చేద్దాం, డిస్కౌంట్ ఇస్త," అన్నాడు. ఆమె సంచి తీసుకుని బయటికి నడిచింది.

మెట్ల మీద ఆమెను అందుకున్నాను. "మళ్ళ చేయించుకోకున్రి అమ్మా. ఇంక లాగేటంత తోలు లేదు, చెవులు ఇంకా కిందికి పోతయి. ఆయన లోపలి పొర ముట్టలేదు, ఒట్టి తోలే లాగి కుట్టిండు. నాకు తెలుసు, నేను పక్కనే ఉన్న. పదేండ్లని నేను చూడకుండ చెప్పిన. కార్డు గూడ బుద్ధి లేక రాసిన."

ఆమె నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "గీ మాట లోపల ఎందుకు చెప్పలేదు సిస్టర్?" అని మాత్రం అడిగి దిగిపోయింది.

ఆ రోజే ఉద్యోగం ముఖాన కొట్టి వచ్చేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కాని మానలేదు. రెండు నెలలు ఇంకా అక్కడే పనిచేశాను, ఇంకా నలుగురికి మల్లెపూలు తెచ్చాను. వేరే ఆసుపత్రిలో చోటు దొరికాకే మానాను.

టెలిఫోన్ గది

మానేసిన రోజు ఆ హోటల్‌కు ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో సుగుణ గారికి ఇవ్వమని ఆపరేటరును అడిగాను.

"చెప్పున్రి సిస్టర్, నేనే," అంది ఆపరేటరు.

ఆమెను కౌంటరు మీది నుంచి తీసేసి మెట్ల కింది టెలిఫోన్ గదిలో వేశారు. కిటికీ లేని గది. అక్కడ గొంతుంటే చాలు, ముఖంతో పనిలేదు. కార్డు వచ్చిన వారానికే మార్చారట. కౌంటరు కోసం ముఖం కోయించుకున్న మనిషి ఆ ముఖం వల్లే కౌంటరు పోగొట్టుకుంది. అందులో డాక్టరు పాలెంత, మేనేజరు పాలెంత, నా పాలెంత అని నేను చాలాసార్లు ఆలోచించాను. నా వాటా తక్కువేమీ కాదు.

"మాఫ్ చేయున్రి అమ్మా," అన్నాను.

"మాఫ్ చేయ," అంది. తరువాత, "కార్డు రాసిన్రు కద ముఖం చూపియ్యమని. ఏం చేద్దామని రాసిన్రు?" అని అడిగింది.

పెద్దసారు సంగతి చెప్పాను. కిటికీ, స్టూలు, ఏటేటా ఫోటో. వినేసి అంది: "అయితే గట్లనే తీయున్రి. నాది తీయున్రి. పదేండ్లు నిండేదాక. మీ డాక్టర్ కాడ లేదు కద, పదేండ్ల ఫోటో. మీ కాడ ఉండాలె. రేపు ఎవరన్న ఆడామె అడిగితే చూపెట్టున్రి. ఒకటి చెప్త, ఇగ కార్డు రాయకున్రి. ఫోన్ చేయున్రి."

అప్పటి నుంచి ప్రతి జనవరిలో, నుమాయిష్ రోజుల్లో, మొజంజాహీ మార్కెట్ దగ్గర కలిసేవాళ్ళం. ముందు ఫోటో, తరువాత ఐస్‌క్రీమ్. మార్కెట్ రాతిగోడకు ఆనుకుని నిలబడేది. బొట్టు చిన్న డబ్బాలో అంటించి పెట్టేది, జుట్టు చెవుల వెనక్కి తోసేది. అటూ ఇటూ పోయేవాళ్ళు విచిత్రంగా చూసేవాళ్ళు. ఆమె లెక్కచేసేది కాదు. మొదటి రెండేళ్ళు ఫోటో అవగానే పోయేది, నాతో కూర్చుని తినేది కాదు. మూడో ఏడు సీతాఫలం ఐస్‌క్రీమ్ రెండు చెప్పింది.

సూదులు వచ్చాక

రెండువేలు దాటాక ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. పేపర్లలో సగం పేజీ ప్రకటనలు, కోసే పనిలేదు, సూదిమందు చాలు అని. ముడతల సూది మూడు నాలుగు నెలలకు దిగిపోతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పట్లో "శాశ్వత పరిష్కారం" అని రాసిన బోర్డు కింద నిలబడి ఆ సూది పొడిచినవాళ్ళను నేను ఎరుగుదును. నేను చేరిన కొత్త ఆసుపత్రిలోనూ ఆల్బమ్ ఉండేది. అయితే అక్కడ ఒక లేడీ సర్జన్ నా మాట విని, ఏడాది ఫోటో, మూడేళ్ళ ఫోటో కూడా పెట్టడం మొదలుపెట్టింది. అవి చూసి కొందరు ఆపరేషన్ వద్దని వెళ్ళిపోయారు. పైవాళ్ళకు నచ్చలేదు. ఆమె పట్టు వదల్లేదు.

మీరు అడుగుతారు కాబట్టి నేను చూసింది చెప్తాను. నేను డాక్టరును కాను. ముక్కు ఎముక సరిచేస్తే అది చాలామందిలో జీవితాంతం ఉంటుంది. కంటి కింద సంచులు తీస్తే చాలా ఏళ్ళు తిరిగి రావు. ముఖం లాగి కుట్టే ఆపరేషన్‌లో ఒట్టి చర్మం లాగితే ఏడాది, రెండేళ్ళు, గట్టిగా మూడేళ్ళు. లోపలి పొర బిగించి, మంచి చెయ్యి పడితే ఎనిమిదేళ్ళు, పదేళ్ళు బాగున్నవాళ్ళనూ చూశాను. అందరిలోనూ ఆపరేషన్ మర్నాటి నుంచి ముఖం మళ్ళీ ముసలిదవుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. "ఎన్నేళ్ళు ఉంటుంది?" అని పేషెంటు అడిగితే ముందు మీ డాక్టరును అడగండి, ఆయన ఏ ఆపరేషన్ చేస్తున్నాడు, ఆయన చేతి కింద అన్నేళ్ళు నిలిచిన ముఖం ఏది అని. చూపించకపోతే మీరు తల ఊపకండి. తెలియదని చెప్పండి. ఉద్యోగం పోతుందని భయమా? నాకూ ఆ భయమే ఉండేది, దాని ఖరీదు ఇంకొకామె కట్టింది.

పదో ఏటి ఫోటో

ఆపరేషన్ జరిగి పదేళ్ళు నిండిన జనవరిలో సుగుణ గారు టెలిఫోన్ గది నుంచి రిటైరయ్యారు. ఆమె మొదటిరోజు వేసిన లెక్క ప్రకారం కౌంటరు మీద కూర్చోవాల్సిన పదేళ్ళూ అయిపోయాయి. మూడేళ్ళు కౌంటరు, ఏడేళ్ళు మెట్ల కింద. హోటల్ వాళ్ళు శాలువా కప్పారట. ఆ శాలువాతోనే మార్కెట్‌కు వచ్చింది.

సంచిలోంచి పాత ఫోటోలన్నీ తీసి రాతి అరుగు మీద వరసగా పరిచాను. మొదట పట్టుచీర, మల్లెపూలు. పక్కన ఏటేటా రాతిగోడ ముందు బొట్టులేని ముఖం. ఇద్దరం వంగి చూశాం. ఆఖరి వాటిలో ఆమె ఏ ఆపరేషనూ చేయించుకోని యాభై ఎనిమిదేళ్ళ మనిషిలానే ఉంది. మంచి ముఖమే. మొదటి రోజు క్లినిక్ మెట్లెక్కి వచ్చినప్పుడు కూడా అది మంచి ముఖమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు.

ఎప్పటిలా ఎదురుగా ఒక ఫోటో తీసి కెమెరా దించబోయాను.

"ఉండున్రి సిస్టర్, ఇంకొకటి," అందామె. శాలువా తీసి నా చేతికిచ్చింది. పక్కకు తిరిగి, జుట్టు మొత్తం పైకెత్తి పట్టుకుంది. చెంపకు అతుక్కున్న చెవితమ్మె, దాని చుట్టూ తిరిగి వెనక్కి పోయిన తెల్లని కోత గీత పగటి వెలుతురులో స్పష్టంగా కనబడుతున్నాయి.

"గిది తీయున్రి," అంది. "పదేండ్లు ఉంటదన్నరు కద మీరిద్దరు. ఉన్నది. గట్లనే ఉన్నది."

తీశాను. ఇప్పుడు మాట్లాడమని పిలిస్తే ఏ నర్సింగ్ క్లాసుకు పోయినా పిల్లల ముందు మొదట పెట్టేది ఆ ఫోటోనే.